పోటు వచ్చింది

నరసాపురం,
20 అక్టోబరు 2024

అక్కకి,

ప్రభువు నామమున వందనాలు.

నేను క్షేమం. ఇశ్రాయేలు గారింట్లో, వెనక వరండాలో ఉంటున్నాను. ఆయన ఇక్కడ రేవుకి దగ్గర్లో రేకుల షెడ్డులో చిన్న సంఘం నడుపుతున్నారు. భార్య మార్తమ్మ గారు మంచి మనిషి, కాకపోతే కూరలో కారం వెయ్యడం తెలీదు. పగలు ఐసు ఫ్యాక్టరీలో పని దొరికింది. దిమ్మలు కొట్టి పెట్టెల్లో నింపడం. చేతులు మొద్దుబారిపోతున్నాయి గానీ మనసు మాత్రం మండుతూనే ఉంది.

నా ఫోనుకి చేసి చేసి విసిగిపోయి ఉంటావు. ఇటు వచ్చేసిన రోజు రేవు దాటించే పంటు ఏటి మధ్యకి వచ్చేసరికి దాన్ని గోదాట్లోకి విసిరేశాను. ‘అరచేతిలో శోధన’ అనే కరపత్రం చదివాక దాన్ని జేబులో పెట్టుకోబుద్ధి కాలేదు. నీకూ ఒకటి జత చేస్తున్నాను, పూర్తిగా చదువు. ఇకనుంచి ఉత్తరాలే. పంటు మీద టిక్కెట్లు కోసే గంగాధరరావు గారు అటూ ఇటూ చేరవేస్తానన్నారు. “ఆయ్, దానికేముందండీ, తెల్లారితే ఏరు దాటడమే కదండీ నా బతుకు” అన్నారు.

ఇక అసలు సంగతి. నాన్న నన్ను కొట్టారని నాకు కోపం లేదు. నిజంగా లేదు. ఇది నువ్వు అర్థం చేసుకోవాలి. పడవ పూజ నాడు ముందు కొసన అణియం మీద బొట్టు తుడిచేసింది నేనే. చెక్కకి మొక్కకూడదని నమ్మినవాణ్ణి, చూస్తూ ఎలా ఊరుకుంటాను? ఊరందరి ముందూ చెంప పగిలింది. ఆ క్షణంలో నాకేమనిపించిందో తెలుసా? ఆనందం. నిందలు పడినవాళ్ళు ధన్యులని చదివిన మాట నా చెంప మీద నిజమైంది. ఎదురులేని విశ్వాసం విశ్వాసమే కాదక్కా. బైబిల్లో యోసేపుని సొంత అన్నలే గోతిలో తోశారు. ఆ గొయ్యి లేకపోతే ఆయనకి సింహాసనమూ లేదు. నాన్న నాకు దేవుడు పెట్టిన కొలిమి. అందులోంచి బంగారంలా బయటికి రావడమే నా పని.

అమ్మ పోయాక ఇక్కడి ఆసుపత్రి నుంచి మనింటికి తెచ్చిన రోజు గుర్తుందా? పంటు మీద అమ్మ పక్కన కూర్చుని నాన్నని అడిగాను, మనకే ఎందుకిలా జరిగిందని. నాన్న నీళ్ళకేసి చూస్తూ ఊరుకున్నారు. సరిగ్గా అప్పుడే ఎవరో నా చేతిలో ఒక కాగితం పెట్టారు. ‘నీ కన్నీటికి కారణముంది’ అని దాని మీద పెద్ద అక్షరాలు. నాన్న ఇవ్వని జవాబు నాకు ఆ కాగితం ఇచ్చింది. నాకు నాన్న అక్కర్లేదని కాదు. జవాబు లేకుండా బతకలేను, అంతే.

సాయంత్రం పని దిగాక గట్టు మీద నుంచుంటాను. అటు మన ఒడ్డున కొబ్బరి తలలు తప్ప ఏమీ తెలీదు. అయినా పడవల్లో మన పడవ ఏదో పోల్చుకోవాలని చూస్తాను. ఈ మాట రాయకూడదనుకున్నాను. రాసేశాను, కొట్టెయ్యను.

క్రీస్తునందు,
సత్యం
(పేరులో దుర్గారావు తీసేశాను. కవరు మీద కూడా ఇలాగే రాయి.)


సఖినేటిపల్లి,
27 అక్టోబరు 2024

ఒరేయ్ చంటీ,

వందనాలు ఎవరికిరా? నీ చీమిడి ముక్కు ఓణీతో తుడిచిన నాకా? సత్యదుర్గారావులో నువ్వు ఏ ముక్క ఉంచుకున్నా, ఏ ముక్క పారేసినా నీ ఇష్టం. నాకు మాత్రం చంటిగాడివే. కవరు మీద కూడా అదే రాసేను, చూసుకో.

ఫోను గోదాట్లో పారేశావా! మంచి పని చేసేవు. ఈపాటికి పులసలన్నీ చుట్టూ చేరి దాన్లో సినిమాలు చూస్తుంటాయి. శోధన పాపం వాటికి అంటించేవు. నువ్వు పంపిన కరపత్రం నీ మేనకోడలు పడవ చేసి బోదె కాలవలో వదిలింది. చాలా దూరం వెళ్ళింది. నీ సువార్త వ్యాపిస్తోంది, సంతోషించు.

వేళాకోళం అయిపోయింది. ఇప్పుడు చెప్పేది విను.

నువ్వు తుడిచింది చెక్క మీద బొట్టు అనుకుంటున్నావు. ఆ చెక్క మీద ఏం రాసుందిరా? సీతారత్నం అని. అమ్మ పోయేక నాన్న పడవకి రంగు వేయించి, అమ్మ పేరు తన చేత్తో రాసుకున్నారు. రోజూ ఏరు సముద్రంలో కలిసే మొగలోకి వెళ్ళేముందు ఆ పేరు కింద బొట్టు పెడతారు. అది ఏ దేవతకో కాదురా. ముత్తైదువుగా వెళ్ళిపోయిన మనిషి నుదురు ఖాళీగా ఉండకూడదని. నువ్వు పది మంది ముందు ఆ నుదురు తుడిచేవు. ఆయన కొట్టేరు. కొట్టిన చేతిని ఆ రోజంతా ఒళ్ళో పెట్టుకు కూర్చున్నారు, అన్నం కూడా ముట్టలేదు.

నాన్నని కొలిమి అన్నావు. బాగానే ఉంది. బంగారం ఒక్కటే కాలుతుందా, కొలిమికి కాలదా?

నాన్న నీ మాట ఎత్తరు. మేం ఎత్తినా లేచి వెళ్ళిపోతారు. కానీ మొన్న నరసాపురం నుంచి పంటు మీద ఐసు పెట్టెలొచ్చేయి. మూత తీసి, ఒక దిమ్మ చేత్తో తట్టి, “ఈ మజ్జన ఐసు గట్టిగా ఉంటంది” అన్నారు. నువ్వు ఎక్కడ పని చేస్తున్నావో మీ బావ చెప్పే ఉంటాడు. నేను తలెత్తలేదు.

ఎడం చెయ్యి లాగుతోందంటున్నారు. కర్పూరం కలిపిన కొబ్బరినూనె రాస్తున్నాను.

మార్తమ్మ గారికి చెప్పు, కారం లేకపోతే నీకు ముద్ద దిగదని. లేదా నేనే ఆవకాయ పంపుతాను. ఆవకాయ తినకూడదని కరపత్రం ఏమైనా ఉంటే ముందే చెప్పు.

నీ అక్క,
లక్ష్మీతులసి


నరసాపురం,
6 నవంబరు 2024

అక్కకి వందనాలు. (నీకు నచ్చకపోయినా రాస్తాను.)

దేవుని మాటలున్న కాగితాన్ని బోదెలో వదిలితే నవ్వుతావా? సరే, చిన్నపిల్ల కాబట్టి ఊరుకుంటున్నాను.

అమ్మ నుదురు సంగతి చదివాక రెండు రోజులు నీకు జవాబు రాయలేకపోయాను. అయినా చెప్పాల్సింది చెప్తాను. చెక్కకి నుదురుండదు. అమ్మ చెక్కలో లేదు. నాన్న బాధ నాకు తెలుసు, కానీ బాధపడ్డవాళ్ళు చేసేదంతా సరైనదైపోదు. ఈ మాట నాకూ వర్తిస్తుందని ఇశ్రాయేలు గారు నవ్వుతూ అన్నారు. ఆయనకి ప్రతిదానికీ నవ్వే. ఇంత మెతక మనిషి దేవుని సేవ ఎలా చేస్తారో నాకర్థం కాదు. వాక్యం చెప్పేటప్పుడు గొంతు కూడా పెంచరు. నేనైతేనా!

ఐసు సంగతి నిజమే. మన ఒడ్డుకి వెళ్ళే పెట్టెలు నేనే నింపుతాను. గాలి బుడగ లేని దిమ్మలు ఏరి వేస్తాను. నాన్నకి చెప్పొద్దు.

ఇప్పుడు ముఖ్యమైన విషయం. ఈ నెల ఇరవై నాలుగు, ఆదివారం ఉదయం నాకు బాప్తిస్మం. ఇక్కడ గోదావరి గట్టునే. నాన్న రావాలి.

నేను ఆయన్ని మార్చాలనుకోవడం లేదు. నిజానికి అనుకుంటున్నాను, కానీ ఆ రోజుకి అది పక్కన పెడతాను. గట్టు మీద నుంచుంటే చాలు. నీళ్ళలోకి దిగేముందు ఆయన కాళ్ళకి దణ్ణం పెడతాను. తండ్రికి పెట్టే దణ్ణానికి అడ్డులేదని ఇశ్రాయేలు గారన్నారు. ఒక కరపత్రంలో వేరేలా ఉంది. దాన్ని చింపేశాను.

నన్ను మొదటిసారి నీళ్ళలో ముంచి ఈత నేర్పింది ఆయనే కదక్కా. ఈసారి మునిగేటప్పుడు ఆయన ఎక్కడో ఉంటే ఎలా?

ఈ ఉత్తరం నాన్నకి చదివి వినిపించు. ఐసు గురించి రాసిన ముక్క మాత్రం వదిలెయ్యి.

చెయ్యి లాగుతోందని బెంగ పెట్టుకోకు. వల లాగే చెయ్యి లాగకేం చేస్తుంది?

సత్యం


సఖినేటిపల్లి,
16 నవంబరు 2024

చంటీ,

నాన్నకి చదివేను. ఐసు ముక్కతో సహా. నువ్వు చెప్పినట్టు నేనెప్పుడు విన్నాను గనక?

అరుగు మీద వల బాగుచేసుకుంటున్నారు. నేను చదువుతున్నంతసేపూ చెయ్యి ఆగలేదు, తల ఎత్తలేదు. అయిపోయేక అడిగేరు.

“ఎక్కడ ముంచుతారంట?”

“గోదాట్లోనే నాన్నా.”

“తల కూడానా?”

“ఆయ్, తల కూడానంట.”

మళ్ళీ నాలుగు ముళ్ళు వేసేరు. “ఆడికి తల తడిత్తే ఆయాసం రేగుతాది. చిన్నప్పుడు ఎన్నిసార్లు రాజోలు ఆసుపత్రికి పరిగెత్తలేదు! ఆ పాస్టరుకి ఎవరన్నా చెప్పేరా?”

“వాడిప్పుడు చిన్నపిల్లాడా? మీరే వెళ్ళి చెప్పండి” అన్నాను.

ఇక చూసుకో. “నేనెల్లి పంటు మీద టిక్కెట్టు కొనుక్కుని, నా కొడుకుని చూడ్డానికి ఊరోళ్ళ మజ్జన నుంచోవాలా? మీ అమ్మని తెచ్చిన నాడు తప్ప పంటు మొకం నేనెప్పుడన్నా చూసేనా? ఎల్తే గిల్తే నా పడవ మీద ఎల్తాను” అని వల విసిరికొట్టి లేచిపోయేరు.

మీ బావ అంటాడూ, “ఎల్తే గిల్తే అన్నారంటే ఎల్తారనే” అని. నాకు తెలీదు. ఆశ పెట్టను. కానీ నిన్న పడవ కడిగేరు. బొట్టు మాత్రం ఎప్పటిలాగే పెట్టేరు, ముందే చెప్తున్నాను. వస్తే ఆ బొట్టుతోనే వస్తుంది పడవ. చూసి మళ్ళీ ఆవేశపడ్డావంటే నేనే నిన్ను ముంచుతాను, పాస్టరు గారితో పన్లేకుండా.

ఆవకాయ జాడీ గంగాధరరావు గారి చేతికిస్తున్నాను. దార్లో ఆయన రుచి చూస్తారు, ఏమీ అనకు.

అక్క


24 నవంబరు, రేవు

చంటీ, నాన్న బయల్దేరి రేవు దాకా వచ్చేరు. పోటు వచ్చింది. ఇక రాలేరు. వెనక్కి వెళ్తున్నాం. మిగతాది తర్వాత రాస్తాను. గంగాధరరావు గారు ఈ పూట లేరు, ఎవరో అబ్బాయి బండితో పంటెక్కుతుంటే ఇది ఇచ్చి పంపుతున్నాను. - అక్క


నరసాపురం,
25 నవంబరు 2024

అక్కా,

ఈ ఉత్తరం పోస్టులో వేస్తున్నాను. రేవు వైపు చూడనని ఒట్టు పెట్టుకున్నాను. నాన్న ముందు కూర్చుని ప్రతి అక్షరం చదివి వినిపించు.

నిన్న నడుం లోతు నీళ్ళలో నుంచున్నాను. సంఘమంతా గట్టు మీద పాడుతోంది. నేను పాట వినడం లేదు, అటువైపే చూస్తున్నాను. వచ్చిన ప్రతి పడవా మనదే అనిపించింది. ఇశ్రాయేలు గారు నా భుజం మీద చెయ్యి వేసి “ఇంకాస్సేపు చూద్దాం బాబూ” అన్నారు. అప్పుడొచ్చింది నీ చీటీ.

పోటు వచ్చిందా? ఆయనకి! ఎప్పుడూ దేన్నీ లెక్కచెయ్యని మనిషికి, సరిగ్గా నా ఆదివారం నాడే ఈ పోటు అడ్డొచ్చిందా? సాకు చెప్పేటప్పుడైనా కాస్త మంచిది చెప్పమను. రావడం ఇష్టం లేదని ఒక్క ముక్క అంటే సరిపోయేది.

పోనీ, నిజంగానే వచ్చిందనుకుందాం. అయితే అది పంపినవాడు నా దేవుడే. ఎదిరించేవాళ్ళని ఎక్కడ ఆపాలో ఆయనకి తెలుసు. నాకు కన్నీటి చుక్క లేదు. ఇంతకంటే పెద్ద పోటు పంపినా స్తోత్రమే చెప్తాను. దాని వెనకా ఆయన ఉద్దేశం ఉంటుంది.

నిన్న నా బాప్తిస్మం జరగలేదు. చీటీ నలిపి నీళ్ళలోకి విసిరి, “కానివ్వండి, ముంచండి” అని అరిచాను. ఇశ్రాయేలు గారు చెయ్యి తీసేశారు. “ఈ కోపంతో ముంచితే కోపమే తడుస్తుంది బాబూ. అది తీరేక రా” అన్నారు. ఆయన కూడా! అందరూ ఒక్కటే.

ఇంటికెవరూ నన్ను పిలవద్దు.

సత్యం


అమలాపురం,
9 డిసెంబరు 2024

దుర్గారావుకి,

ఇంత జరిగినా నిన్నెలా పిలుస్తాం? నువ్వే వద్దన్నావుగా.

నీ ఉత్తరం ఇంటికొస్తే మీ బావ ఆసుపత్రికి తెచ్చేడు. ప్రతి అక్షరం చదవమన్నావని, కొడుకు మాట వింటే నాన్నకి ధైర్యంగా ఉంటుందనుకుని, నేను టిఫిను తేవడానికి కిందకి వెళ్ళినప్పుడు చదివేడు. నేను వచ్చేసరికి చివరికొచ్చేడు. లాక్కున్నాను. అప్పటికే అయిపోయింది.

గుండెపోటు వచ్చిన మనిషికి రాసే మాటలేనా అవి? పెద్ద పోటు పంపినా స్తోత్రం చెప్తావా? నీ దేవుడు కొట్టేడా నాన్నని? చెప్పరా. నేను అడుగుతున్నాను. ఇదేనా నువ్వు చదువుకున్న ఉద్దేశం? ఈ దేవుడి కోసమేనా నువ్వు ఏరు దాటి వెళ్ళింది?

నాన్న గోడకేసి తిరిగి పడుకున్నారు. ఒక్కటే అన్నారు, “ఆడి కోపం ఇంకా తీరలేదు” అని.

ఆ ఆదివారం ఏం జరిగిందో కూడా విను. తెల్లారకుండానే లేచి గడ్డం గీసుకున్నారు. తెల్లచొక్కా వేసుకున్నారు. పడవ నీళ్ళలోకి తోస్తూ గుండె పట్టుకుని బురదలో కూలబడిపోయేరు. నీకు చీటీ రాసేటప్పుడు నిన్ను కంగారు పెట్టకూడదని రెండు ముక్కలు రాసేను. అమలాపురం తీసుకొస్తుంటే మామిడికుదురు దాటేక కళ్ళు తెరిచి, సంచీ ఏదీ అని అడిగేరు. చేతిలో గుడ్డ సంచీ ఉండేది, బురదైపోయింది. అందులో ఏముందో తెలుసా? కొత్త తువ్వాలు. పెద్దది, మెత్తనిది. మడత విప్పలేదు. “ఆడు నీళ్ళలోంచి లేవగానే తల తుడవాలే, లేపోతే ఆయాసం వత్తాది” అన్నారు. ఊపిరి తనకి ఆడటం లేదు, నీ ఆయాసం గురించి అన్నారు.

స్టెంటు వేసేరు. గండం గడిచిందన్నారు డాక్టరు గారు. కానీ మనసు కష్టపెట్టుకోకూడదంట. అందుకే చెప్తున్నాను, రాకు. ఆసుపత్రికీ రాకు, ఇంటికీ రాకు. నీ మొహం చూస్తే ఏం అవుతుందో నాకు భయంగా ఉంది. నేను రమ్మనేదాకా రావద్దు. అమ్మ మీద ఒట్టు.

తులసి


నరసాపురం,
11 డిసెంబరు 2024

అక్కా,

అమ్మ మీద ఒట్టు వెయ్యకుండా ఉంటే ఈపాటికి అక్కడుండేవాణ్ణి. పంటు ఎక్కాను కూడా. గట్టుకి కట్టిన కొక్కేలు విప్పుతుంటే మళ్ళీ దిగిపోయాను. గంగాధరరావు గారు నా చెయ్యి పట్టుకుని గట్టు దాకా తీసుకొచ్చి కూర్చోబెట్టారు. “మీకు తెలీదేంటండీ? నేను మీకు తెలుసనే అనుకుంటున్నానండీ. రేవుకి రావడం మానేశారు, ఇంటికెళ్ళిపోయారేమో అనుకున్నానండీ” అన్నారు.

నాకు తెలీదక్కా. నేను పోటు అంటే పోటు అనుకున్నాను. ఏటి పోటు. సముద్రం ఎదురు తన్నే పోటు. నాన్న సొంత పడవ మీద వస్తానన్నారని నువ్వే రాశావు. రేవు దాకా వచ్చారు, పోటు వచ్చింది, రాలేరు అంటే నాకు నీళ్ళే కనిపించాయి. ఎన్ని పోట్లలో మొగ దాటిన మనిషి, నన్ను చూడ్డానికి ఏరు దాటలేకపోయారా అని మండిపోయాను. పెద్ద పోటు అన్నదీ అదే. ఆ మాట గుండెకి తగులుతుందని నాకెలా తెలుస్తుంది? ఫోనే ఉండుంటే నీ గొంతు విని ఒక్క క్షణంలో తెలిసిపోయేది. దాన్నేమో నేనే చేపలకిచ్చాను.

కానీ అర్థం మారినంత మాత్రాన నేను తప్పించుకోలేను. నీటి పోటే అనుకున్నా, దేవుడు నా పక్షాన నాన్నని కొడితే బాగుండునని కోరుకున్నాను. అది నిజం. నీ ప్రశ్నకి జవాబు చెప్పాలి కాబట్టి రాస్తున్నాను.

దేవుడు కొట్టాడా అని అడిగావు. మా సంఘంలో ఒకాయన ఆ మాటే అన్నాడు. “చూశావా తమ్ముడూ, మీ నాన్న గుండె తలుపు ప్రభువు తట్టాడు” అని నవ్వుతూ అన్నాడు. రెండు వారాల కింద నేనే ఆ మాట అనేవాణ్ణి. నిన్న మాత్రం అతని కాలరు పట్టుకున్నాను. మార్తమ్మ గారు అడ్డొచ్చి విడిపించారు.

ఇశ్రాయేలు గారి దగ్గరికెళ్ళి అడిగాను. మీరైనా చెప్పండి, దీని వెనక ఉద్దేశం ఏంటి, నాన్న కష్టం దేనికి, నా కష్టం దేనికి అని. కరపత్రాలన్నీ ఆయన ముందు పోశాను. ఆయన ఒక్కటి కూడా తియ్యలేదు. “నాకు తెలీదు బాబూ” అన్నారు. నాకు ఒళ్ళు మండింది. తెలీకుండా పాస్టరు ఎలా అయ్యారండీ అన్నాను. ఈసారి ఆయన నవ్వలేదు.

“ఉద్దేశం ఉందని నమ్ముతాను. అదేంటో నాకు చెప్పలేదు. మాకు ఒక్కడే కొడుకు, నీ వయసుకి రాలేదు. మట్టి వేసి వచ్చేక అందరూ వచ్చి కారణాలు చెప్పేరు. మార్తమ్మ అందరికీ టీ ఇచ్చింది. ఎవరి కారణమూ తీసుకోలేదు. సిలువ మీద ప్రభువే, నన్నెందుకు విడిచేవని తండ్రిని అడిగేడు కదా బాబూ, ఆ పూట జవాబొచ్చిందా?” అన్నారు.

అన్నిసార్లు చదివాను ఆ సంగతి. కొడుకు అడగడమే చదివాను. తండ్రి మాట్లాడకపోవడం ఎప్పుడూ చదవలేదు. పంటు మీద అమ్మ పక్కన నేను అడిగినప్పుడు నాన్న నీళ్ళకేసి చూశారని నీకు రాశాను కదా. జవాబు లేక చూస్తున్నారనుకున్నాను. నా మొహం చూస్తే ఏడుపొస్తుందని చూడలేదేమో! నాకంటే ముందు ఆ ప్రశ్న ఆయనే అడుగుతున్నారేమో!

నా నమ్మకం పోలేదక్కా. అది పోయిందని సంబరపడకు. ఎదురైన ప్రతివాడూ నాకోసం పెట్టిన పరీక్ష అనుకోవడం మాత్రం పోయింది. నాన్న నా కథలో కొలిమి కాదు. ఆయనకి ఆయన కథ ఉంది, అందులో నేనే ముల్లునేమో.

రావద్దన్నావు, రాను. ఐసు పెట్టెలు పంపుతూనే ఉంటాను, నాన్న పడవకి ఇప్పుడవి అక్కర్లేకపోయినా. ఒట్టు తీసేసి మళ్ళీ గట్టు మీదే నుంచుంటున్నాను. ఆ తువ్వాలు ఎవరికీ ఇవ్వకు.

నీ తమ్ముడు


సఖినేటిపల్లి,
17 డిసెంబరు 2024

ఒరేయ్ చంటీ,

ఇంటికొచ్చేశాం. నాన్న అరుగు మీద కూర్చుంటున్నారు. ఉప్పు తగ్గించమన్నారని నా వంట మీద అలిగేరు. మార్తమ్మ గారి కూర పంపిస్తే తెలుస్తుంది చప్పిడి అంటే ఏంటో.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదువుకున్నాను. నాలో నేను. నాన్నకి చెప్పాలా వద్దా అని మీ బావతో గొడవపడ్డాను కూడా. చివరికి నిన్న పొద్దున్న భయపడుతూనే అన్నాను, “నాన్నా, చంటిగాడు మీకు వచ్చింది గుండెపోటని అనుకోలేదంట. ఏటి పోటు అనుకున్నాడంట. పోటుకి భయపడి మీరు రాలేదని కోపమొచ్చి అలా రాసేడంట.”

నాన్న నాకేసి చూసేరు. అర్థం కాలేదేమో అనుకుని మళ్ళీ చెప్పబోయేను. అప్పుడు నవ్వేరురా. ముందు మీసాల్లో, తర్వాత గట్టిగా. గుండె మీద చెయ్యేసుకుని, నొప్పొస్తున్నా ఆపుకోలేక నవ్వేరు. నేను హడలిపోయి మాత్ర కోసం పరిగెత్తేను.

“పడవోడి కొడుకే! పోటంటే ఆడికి ఏరే కనపడింది చూడు! గుండె గిండె కాదు!” అని మీ బావకి చెప్పేరు. వీధిలో వెళ్ళేవాళ్ళని పిలిచి మరీ చెప్పేరు. “పేరు మార్చుకున్నాడు, దేవుణ్ణి మార్చుకున్నాడు, ఈ ముక్క మాత్రం మారలేదు ఎదవకి!” ఎన్నాళ్ళయిందిరా నాన్న అలా నవ్వి. అమ్మ పోయేక మొదటిసారి.

సాయంత్రం మాత్రం నెమ్మదిగా అడిగేరు. “ఆ పాస్టరు ఆడి కోపం తీరేక రమ్మన్నాడు కదా, తీరిందంటావా?”

తీరిందన్నాను.

“అయితే మన ఒడ్డున ముంచమను. గోదారి ఇటైనా గోదారే. నేను గట్టు మీద కూచుంటాను. ఆడి దేవుడికి నేను మొక్కను, నా కాళ్ళకి ఆడూ మొక్కద్దు. తల తుడవడం మటుకు నాదే” అన్నారు.

మీ బావ శుక్రవారం పడవ వేసుకుని వస్తాడు. పంటు ఎక్కకు, అది నాన్న మాట. పోటు మొదలయ్యేక బయల్దేరతాడు. ఈసారి పోటు వస్తేనే వస్తాం, గుర్తుపెట్టుకో.

అక్క


నరసాపురం,
19 డిసెంబరు 2024

అక్కా,

ఇది నీ చేతికి వచ్చేసరికి నేనూ వచ్చేస్తానేమో. అయినా రాయకుండా ఉండలేకపోతున్నాను. రేపు మీ అందరి ముందు నోరు పెగలదు.

ఇశ్రాయేలు గారు, మార్తమ్మ గారు ఆదివారం పంటు మీద అటు వస్తారు. మార్తమ్మ గారు కూర తెస్తానంటున్నారు. నాన్నకి సరిపోతుంది.

పడవ మీద బొట్టు సంగతి. నేను పెట్టను. అది నా వల్ల కాదు, నాన్నకి నువ్వే నచ్చజెప్పు. కానీ అమ్మ పేరు కింద ఉన్నది అలాగే ఉండనీ. దాని పక్కన కూర్చునే వస్తాను.

అమ్మ ఎందుకు పోయింది, నాన్నకి ఎందుకిలా అయింది అని ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను. ప్రార్థనలో అదొక్కటే అడుగుతున్నాను. ‘కారణముంది’ అన్న ఆ పాత కాగితం చింపలేదు, నా దగ్గరే ఉంది. నాన్నకి ఇవ్వడానికి మాత్రం కాదు. రేపు ఆయన పక్కన అరుగు మీద కూర్చుంటే, ఆయన నీళ్ళకేసి చూస్తే, నేనూ అటే చూస్తాను.

ఒక్క మాట చెప్పు ఆయనకి. చలి మొదలైంది కదా, ఆదివారం దాకా తల మీద నీళ్ళు పోసుకోవడం లేదని చెప్పు.

చంటి